ఐదో ఫౌలు

ఫైనల్ మ్యాచ్‌కి మొదటి రెఫరీ ఎవరో పెద్దకోడలికి బాస్కెట్‌బాల్ సంఘం వాళ్లు చెప్పలేదు, తోడికోడలూ చెప్పలేదు. అత్తగారు చెప్పింది. పళ్ల డాక్టరు దగ్గర రోజంతా నిలబడి, జనం నోళ్లలో ఉమ్మి లాగే గొట్టం పట్టుకుని పట్టుకుని మణికట్టు పీకేస్తుండగా ఆమె మూడో అంతస్తు ఎక్కి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతోంది. అత్తగారు హాల్లో ఉతికిన బట్టలు మడతపెడుతూ, చిన్నదాన్ని ఫైనల్‌కి పెద్ద రెఫరీగా వేశారట, నువ్వు కూడా ఉన్నావట అంది. ఆ ‘కూడా’ దగ్గర పెద్దకోడలి చెయ్యి చెప్పు పట్టీ మీదే ఆగిపోయింది.

“మంచిదే కదండీ” అని, నేరుగా వంటింట్లోకి వెళ్లి, కడిగి బోర్లించిన గిన్నెల్నే మళ్లీ కడిగింది.

ఆ ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు, వాళ్ల భార్యలిద్దరు, అందరి మీదా ఒక అత్తగారు. అన్నదమ్ములు వీధి చివర ఫ్రిజ్‌లు బాగుచేసే షాపు నడుపుతారు. పెద్దకోడలు కాలేజీలో బాస్కెట్‌బాల్ ఆడేది. మోకాలు దెబ్బతిని ఆట మానేశాక, ఆ మైదానం వాసన లేకుండా ఉండలేక రెఫరీ పరీక్ష పాసైంది. ఊళ్లో ఆఫీసులకీ కార్ఖానాలకీ మధ్య జరిగే ఆడవాళ్ల లీగ్‌లో, సెలవురోజు వచ్చిందంటే మెడలో విజిల్ వేసుకుని బయల్దేరేది. నిబంధనల దగ్గర వెంట్రుకవాసి కూడా వదిలేది కాదు. ఆమెతో వాదించాలంటే కోచ్‌లు ముందు గొంతు సవరించుకునేవాళ్లు. వెనకాల ఆమెని ‘కరెంటు తీగ’ అనుకునేవాళ్లు. ఆ సంగతి ఆమెకి తెలుసు, లోపల్లోపల కొంచెం ఇష్టం కూడా.

చిన్నకోడలు ఆ ఇంటికి వచ్చిన కొత్తలో, పలకరిస్తే తలూపడం తప్ప మాట్లాడేది కాదు. కళ్లజోళ్ల షాపులో పని, ఇల్లు, మళ్లీ షాపు. సెలవురోజుల్లో కిటికీ దగ్గర కూర్చుని వీధి చూస్తూ ఉండేది. పెద్దకోడలికే జాలేసి ఒకనాడు తనతో మైదానానికి తీసుకెళ్లింది. తర్వాత నేర్పిందీ ఆమే. విజిల్ బుగ్గలతో కాదు, పొట్టలోంచి ఊదాలని వంటింట్లో నిలబెట్టి సాధన చేయించింది. చిన్నకోడలు ఊదితే ముందు గాలి మాత్రమే వచ్చేది. కుక్కరే నీకంటే నయమని పెద్దకోడలు అనడం, ఇద్దరూ పొయ్యి గట్టు పట్టుకుని నవ్వడం, ఏం ముంచుకొచ్చిందోనని అత్తగారు పరిగెత్తుకురావడం, అదంతా ఆ వంటింట్లోనే జరిగింది.

ఆ అమ్మాయి నేర్చుకుంటుందని పెద్దకోడలు అనుకుంది గానీ, తనని దాటిపోతుందని అనుకోలేదు.

చిన్నకోడలికి మోకాళ్లు బాగున్నాయి. బంతి ఎటు పోతే అటు, బంతి కంటే ముందే ఉండేది. అది సరే, వయసు అనుకోవచ్చు. పెద్దకోడలికి మింగుడు పడనిది మరొకటి. జనానికి ఆమె నచ్చింది. ఒక మ్యాచ్‌లో పైవరసలోంచి ఒకడు, కళ్లజోళ్లు అమ్ముతావు కదా, ఒకటి నువ్వూ పెట్టుకోరాదా అని అరిచాడు. పెద్దకోడలైతే వాణ్ణి హాలు బయటికి పంపేదాకా ఆట మొదలుపెట్టనిచ్చేది కాదు. చిన్నకోడలు నవ్వేసి, మ్యాచ్ అయ్యాక షాపుకి రండి, మీకే తగ్గించి ఇస్తాను అంది. హాలంతా నవ్వింది. ఆ తర్వాత ఆమె ఎటు చెయ్యి చూపితే అటే ఆట సాగింది. పక్కనే నిలబడ్డ పెద్దకోడలికి ఆ నవ్వులు ఒంటి మీద చీమలు పాకినట్టున్నాయి. ఇన్నేళ్లలో తను విజిల్ ఊదుతుంటే ఎవరైనా నవ్వారా అని గుర్తుచేసుకోబోయి, మానేసింది.

భర్తకి చెప్పుకుందామంటే, నీ శిష్యురాలు పైకొస్తే నీకే కదా పేరు అన్నాడాయన, స్క్రూడ్రైవర్ తుడుచుకుంటూ. ఆ ఓదార్పుకి ఆమెకి ఒళ్లు మండింది. శిష్యురాలంటున్నారు కానీ, ఫైనల్‌కి శిష్యురాలు ముందూ గురువు వెనకా ఏమిటి. పైగా ఆ ఫైనల్ చూడ్డానికి పైస్థాయి లీగ్ నుంచి ఒక పెద్దాయన వస్తున్నాడు. ఒకప్పుడు పేరున్న రెఫరీ. ఈ ఊరినుంచి ఒకరిని ఆ లీగ్‌కి తీసుకుంటాడని అందరూ అనుకుంటున్నారు. ఆ ఒక్కరు ఎవరో ఇప్పుడు చెప్పక్కర్లేదు. మొదటి రెఫరీ వెంటే అందరి కళ్లూ ఉంటాయి. రెండో రెఫరీని తోడుపెళ్లికూతుర్ని చూసినట్టు చూస్తారు.

ఆ వారమంతా చిన్నకోడలు ఆమె చుట్టూ తిరిగింది. కోపమా అక్కా అని అడిగింది. నాకెందుకమ్మా కోపం అంది పెద్దకోడలు. అంటూనే, మ్యాచ్‌కి ముందురోజు ఇద్దరి రెఫరీ చొక్కాలూ ఇస్త్రీ చేసి, తన చొక్కాకి గీతలు నిలిచేలా చేసి, చిన్నకోడలి చొక్కా కాలరు కింద ఒక ముడత అలాగే వదిలేసింది. వదిలేశాక దాన్ని చూస్తూ కాసేపు నిలబడింది. ఇంత చిన్నబుద్ధి తనకి ఎప్పుడొచ్చిందా అనుకుంది. అయినా ఇస్త్రీపెట్టె మళ్లీ వేడి చెయ్యలేదు.

ఫైనల్ ఆసుపత్రి జట్టుకీ, బస్సు డిపో జట్టుకీ. ఆసుపత్రి జట్టులో ‘నిచ్చెన’ అని పిలుచుకునే పొడుగాటి నర్సు ఉంది. ఆమె చెయ్యెత్తితే బంతి ఇక ఎవరికీ అందదు. ఆ జట్టు కోచ్ ఎక్స్‌రే గదిలో పనిచేసే ఆవిడ, నోటి దురుసు లేదు గానీ మతిమరుపు మనిషి. డిపో జట్టుకి కెప్టెన్ ఒక బస్సు డ్రైవరు. గట్టి భుజాలు, తక్కువ మాటలు. స్కోరు రాసే బల్ల దగ్గర రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన పక్కనే కుర్చీలో కాళ్లు చాపుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా, పైనుంచి వచ్చిన పెద్దాయన.

ఈ ఆటలో ఒక ఆటగత్తెకి ఐదు ఫౌళ్లు అయితే ఆ మ్యాచ్‌కి ఆమె పని అయిపోయినట్టే. బయటికి వెళ్లాలి, మళ్లీ దిగకూడదు. ఆ లీగ్‌లో నిబంధన ఏమంటే, ఆ సంగతి రెఫరీ వెళ్లి జట్టు కోచ్‌కి నోటితో చెప్పాలి. చెప్పాక కూడా ఆమె తిరిగొచ్చి ఆడుతూ దొరికిపోతే, అది ఆ జట్టు చేసిన తప్పు. కోచ్ మీద టెక్నికల్ ఫౌలు వేసి, అవతలివాళ్లకి ఎవరూ అడ్డుపడకుండా వేసుకునే ఫ్రీ త్రో ఇచ్చి, బంతి కూడా ఇస్తారు. ఎవరూ చెప్పకపోతే మాత్రం శిక్ష లేదు. ఆమెని వెంటనే బయటికి పంపిస్తారు, అప్పటిదాకా వేసిన పాయింట్లు వేసినట్టే ఉంటాయి. ఈ నిబంధన చిన్నకోడలికి నేర్పింది పెద్దకోడలే. కూరగాయలు తరుగుతూ, ‘చెప్పడం’ అన్న మాట మీద కత్తి ఆపి మరీ నేర్పింది.

ఆట మొదటినుంచీ పోటాపోటీగా నడిచింది. చిన్నకోడలు బాగా చేస్తోంది. ఎంత బాగా అంటే, ఒక తప్పు దొరుకుతుందేమోనని వెతుకుతున్న పెద్దకోడలికి ఆ వెతుకులాటలో తన పక్క ఆటే కొంచెం తప్పిపోతోంది. మూడో క్వార్టర్ చివర్లో నిచ్చెన, వెనకనుంచి వచ్చి, డిపో పిల్ల చెయ్యి మీద కొట్టింది. చిన్నకోడలి విజిల్ మోగింది. వేళ్లు చూపించి బల్లకి చెప్పింది. అది నిచ్చెనకి ఐదో ఫౌలు.

సరిగ్గా అప్పుడే గోడ మీది గడియారం బిగుసుకుపోయింది. లెక్కల మాస్టారు అంకె రాసుకున్నారు గానీ, ఐదు అని రాసున్న అట్ట ఎత్తి చూపించాల్సినవారు, గడియారం మీట నొక్కుతూ ఉండిపోయారు. రెండు జట్లవాళ్లూ ఎంత సమయం మిగిలిందో తేల్చమని బల్ల మీదికి వచ్చేశారు. ఆ గొడవ తీర్చడానికి అటు పరిగెడుతూ చిన్నకోడలు, పెద్దకోడలి పక్కనుంచి పోతూ అంది.

“నువ్వెళ్లి వాళ్ల కోచ్‌కి చెప్పిరా.”

అంతే. అక్కా అనలేదు. వంటింట్లో ఉప్పు అందుకోమన్నా అక్కా అనే మనిషి, ఇంతమంది ముందు, ఆ పెద్దాయన వింటుండగా, పనిమనిషికి పురమాయించినట్టు అని వెళ్లిపోయింది.

పెద్దకోడలు ఆసుపత్రి జట్టు బెంచీ వైపు నడిచింది. బెంచీ దగ్గర నీళ్ల సీసా ఎత్తి రెండు గుక్కలు తాగింది. కోచ్ ఎక్స్‌రే ఆవిడ తలెత్తి ఆమె మొహం వైపు చూసింది, ఏమైనా చెబుతుందేమోనని. చెప్పాల్సింది ఒక్క మాట. నోరు తెరవలేదు. బల్లవాళ్లు అట్ట ఎత్తుతారులే, వీళ్లకీ లెక్క తెలియదా ఏమిటి అని తనకి తనే సర్దిచెప్పుకుని, సీసా మూత పెట్టి వెనక్కి వచ్చేసింది. గడియారం బాగైంది. కాసేపటికే క్వార్టర్ ముగిసింది. గడియారం ఆగినప్పుడే నిచ్చెన అలసటగా తువ్వాలు కప్పుకుని బెంచీ మీద చేరగిలపడింది, కోచ్ ఆమె బదులు మరొకర్ని దింపింది. కోచ్ లెక్కలో ఆమెకి ఇంకా నాలుగే.

ఆఖరి క్వార్టర్‌లో డిపో జట్టు ముందుకెళ్లింది. డ్రైవరు కెప్టెన్ ఎద్దులా దూసుకుపోతోంది, ఆమె వెనక మిగతావాళ్లు ఉత్సాహంగా ఉన్నారు. ఎక్స్‌రే ఆవిడ టైమవుట్ అడిగింది. అది ముగిశాక ఒకేసారి ముగ్గుర్ని మార్చింది. లెక్కల మాస్టారు ముగ్గురి నంబర్లూ హడావుడిగా రాసుకుని చెయ్యూపారు. ఆ ముగ్గురిలో నిచ్చెన ఉంది.

పెద్దకోడలు చూసింది. ఆమెని చూడకపోవడం ఎవరికి సాధ్యం, అందరికంటే తల ఎత్తుగా ఉంటుంది. చిన్నకోడలు మాత్రం, బల్లవాళ్లు సరేనన్నారు కదా అన్న నమ్మకంతో అప్పటికే బంతి వైపు తిరిగింది. విజిల్ పెదాల మధ్యే ఉంది. ఊదితే అయిపోయేది. బంతి ఇంకా చేతికి ఇవ్వలేదు, ఎవరికీ నష్టం లేదు. కానీ ఆమె మనసు ఒక లెక్క వేసింది. ఇది బయటపడితే జవాబు చెప్పాల్సింది మొదటి రెఫరీ. ఐదు ఫౌళ్ల మనిషిని మైదానంలోకి రానిచ్చిన రెఫరీ అని పెద్దాయన రాసుకుంటాడు. నవ్వుతూ ఆట నడిపే రెఫరీ, అందరికీ నచ్చే రెఫరీ. ఒక్కసారి, ఒక్కసారైనా అందరూ ఆమె వైపు మరోలా చూడాలి. విజిల్ పెదాల మధ్య తడిసిపోయింది గానీ మోగలేదు.

నిచ్చెన ఒక బంతి బుట్టలో వేసింది. తిరిగి పరిగెడుతూ డ్రైవరు కెప్టెన్, పెద్దకోడలి పక్కకి వచ్చినప్పుడు ఊపిరి మధ్యలో అడిగింది, ఆవిడకి ఐదు కాలేదా మేడం అని.

“ఆట చూసుకో” అంది పెద్దకోడలు.

నిచ్చెన రెండో బంతి వేసింది. తర్వాత మూడోది. డిపో జట్టు ఆధిక్యం కరిగిపోయింది, ఆసుపత్రి వాళ్లు ఒక పాయింటు ముందుకొచ్చారు. అప్పుడు లెక్కల మాస్టారు కాగితం మీద వేలు పెట్టి, కళ్లజోడు ఎత్తి, మళ్లీ దించి, హారన్ మోగించారు. ఆట ఆగిపోయింది.

బల్ల దగ్గర జాతర అయింది. డిపో కోచ్ ఒకటే పట్టు పట్టింది. ఇది మోసం, టెక్నికల్ ఫౌలు వెయ్యాలి, ఆ పాయింట్లు కొట్టెయ్యాలి. ఎక్స్‌రే ఆవిడ కళ్లనీళ్ల పర్యంతమైంది. తమకి ఎవరూ ఏమీ చెప్పలేదని, తన లెక్క తప్పి ఉండొచ్చు గానీ మోసం అనే మాట తమ ఆసుపత్రి మీద వెయ్యొద్దని అంది. నిచ్చెన, పాపం, అంత పొడుగు మనిషీ నడుం వంచి నిలబడింది, తను కనిపించకుండా పోతే బాగుండునన్నట్టు. ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే. కోచ్‌కి చెప్పారా, చెప్పలేదా. చెప్పి ఉంటే వీళ్లు దోషులు, చెప్పకపోతే రెఫరీలు.

పెద్దాయన అంతవరకూ కుర్చీలోంచి కదలలేదు. ఇప్పుడు లేచి వచ్చి, మీలో ఎవరు చెప్పారమ్మా అని మామూలుగా అడిగాడు.

చిన్నకోడలు పెద్దకోడలి వైపు చూసింది. పెద్దకోడలు తన బూట్ల వైపు చూసుకుంది. చిన్నకోడలికి అర్థమైపోయింది. ఆమె కళ్లల్లో మొదట ఆశ్చర్యం, తర్వాత అంతకంటే లోతైనదేదో కదిలి, మాయమైంది.

“నేనే చెప్పాల్సింది సార్” అంది చిన్నకోడలు. “గడియారం గొడవలో మర్చిపోయాను. తప్పు నాదే.”

పెద్దాయన తలూపాడు. ఆ తలూపడంలో మెచ్చుకోలు ఉందని పెద్దకోడలికి అనిపించింది. నిజంగా ఉందో లేదో దేవుడికెరుక, ఆమెకి మాత్రం కనిపించింది. చుట్టూ ఉన్నవాళ్ల మొహాలు కూడా మెత్తబడ్డాయి. పాపం, ఒప్పుకుంది చూడు అని వెనకనుంచి ఎవరో అన్నారు. ఆమె పరువు పోవాలని ఇంత చేస్తే, చివరికి ఇది కూడా ఆమెకే పేరు తెచ్చిపెడుతోంది. తప్పు తనది, దానికి వచ్చే జాలి ఆమెది. ఆ క్షణంలో పెద్దకోడలికి న్యాయం గుర్తురాలేదు, నిబంధన గుర్తురాలేదు. ఇదొక్కటీ చిన్నదానికి దక్కనివ్వకూడదనే అనుకుంది.

“అది అబద్ధం” అంది గట్టిగా. “ఆమె మర్చిపోలేదు. వెళ్లి చెప్పమని నన్ను పంపింది. నేను చెప్పలేదు.”

అందరూ ఆమె వైపు తిరిగారు.

“ఎందుకు చెప్పలేదు?” అన్నాడు పెద్దాయన.

“చెప్పబుద్ధి కాలేదు.”

“ఆ అమ్మాయి మళ్లీ దిగినప్పుడు చూశారా?”

“చూశాను. విజిల్ వెయ్యలేదు.”

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. చిన్నకోడలు మాత్రం మొహం తిప్పుకుని, గొంతు సవరించుకుని, నిబంధన ప్రకారం తీర్పు చెప్పింది. కోచ్‌కి చెప్పలేదు కాబట్టి టెక్నికల్ ఫౌలు లేదు. నిచ్చెన వెంటనే బయటికి వెళ్లాలి. వేసిన పాయింట్లు ఉంటాయి. ఆ గొంతు ఎక్కడా వణకలేదు. అది విని కూడా పెద్దకోడలికి అసూయే కలిగింది.

మిగిలిన కాసేపూ ఆట జరిగింది. పెద్దకోడలు పరిగెత్తింది, అవుట్ అయిన బంతులకి చెయ్యి చూపించింది, ఎవరూ ఆమె మొహం చూడలేదు. ఆసుపత్రి జట్టు ఆ ఒక్క పాయింటు తేడాతోనే గెలిచింది. గెలిచినవాళ్లు కూడా పెద్దగా కేకలు వెయ్యలేదు.

బట్టలు మార్చుకునే గది బయట వసారాలో డ్రైవరు కెప్టెన్ బెంచీ మీద కూర్చుని బూట్ల తాళ్లు విప్పుకుంటోంది. పెద్దకోడలు ఆమె ముందునుంచే పోవాలి, వేరే దారి లేదు. ఎదురుగా వచ్చాక ఆగింది. ఏదో అనాలని నోరు తెరిచింది గానీ, ముందు డ్రైవరే మాట్లాడింది, తాళ్ల మీంచి చూపు ఎత్తకుండా.

“నేను అడిగాను మిమ్మల్ని. ఆట చూసుకోమన్నారు.”

పెద్దకోడలు అవునంది.

“మా వాళ్లు డ్యూటీ దిగి, ఇళ్లకి పోకుండా వచ్చి ప్రాక్టీస్ చేశారండీ. ఇందులో కొందరికి ఇంట్లో చంటిపిల్లలున్నారు. మీ ఇంటి గొడవ మీ ఇంట్లో పడక, మా మీద ఎందుకు పడాలి?”

ఆమె గొంతులో కోపం కూడా లేదు. ఉండి ఉంటే బదులు చెప్పడానికి ఏదైనా దొరికేది. పెద్దకోడలు తప్పయిపోయిందండి అంది. డ్రైవరు బూట్లు సంచిలో వేసుకుని లేచి వెళ్లిపోయింది. అంతవరకూ పెద్దకోడలికి ఈ వ్యవహారమంతా తనకీ తోడికోడలికీ మధ్య నడుస్తున్నదే. మైదానంలో మరో పదిమంది ఉన్నారని ఆమెకి అప్పుడే తెలిసినట్టయింది.

పెద్దాయన వెళ్లిపోయే ముందు ఇద్దర్నీ పిలిచాడు. పెద్దకోడలితో ఈ సీజనంతా విజిల్ పట్టొద్దని, మిగతాది సంఘం చూసుకుంటుందని చెప్పాడు. ఆమె అంతకంటే ఎక్కువే వస్తుందనుకుంది. తర్వాత ఆయన చిన్నకోడలి వైపు తిరిగి, ఆట బాగా నడిపావమ్మా, కానీ ఈసారికి నిన్ను కూడా తీసుకోలేను అన్నాడు. మైదానంలో జరిగింది జరిగినట్టు చెప్పడం రెఫరీ పని, ఎవరి మీద ప్రేమ ఉన్నా సరే, నేను అడగ్గానే నువ్వు మార్చి చెప్పావు అన్నాడు. చిన్నకోడలు సరే సార్ అంది.

పెద్దకోడలి మనసులో ఆ మాటకి చీకట్లో అగ్గిపుల్ల గీసినంత సంతోషం వెలిగింది. వెలిగిన మరుక్షణం దాన్ని చూసుకుని ఆమెకి ఒళ్లు జలదరించింది.

ఇంటికి ఒకే స్కూటరు మీద వచ్చారు. చిన్నకోడలు నడుపుతోంది, వెనక కూర్చున్న పెద్దకోడలికి తను ముడత వదిలేసిన ఆ కాలరే కళ్ల ముందు కనిపిస్తోంది. మెట్లెక్కుతూ రెండో అంతస్తు దాటాక ఇద్దరి కాళ్లూ ఆగిపోయాయి. పైన అత్తగారు తలుపు తీసి పెట్టుకుని ఎదురుచూస్తూ ఉంటుంది, ఏమైంది ఏమైందని. చిన్నకోడలు మెట్టు మీద కూలబడింది. పెద్దకోడలు ఒక మెట్టు కింద కూర్చుంది.

పెద్దకోడలు, నా మూలంగా నీ అవకాశం పోయింది అంది.

“నాకు నీ మీద చాలా కోపంగా ఉంది అక్కా” అంది చిన్నకోడలు. “ఇప్పుడే పోయేలా లేదు. కానీ ఒకటి చెప్పాలి. చెప్పిరా అన్నప్పుడు అక్కా అన్న మాట నోటిదాకా వచ్చింది. కావాలనే మింగేశాను.”

పెద్దకోడలు తల తిప్పి చూసింది.

చిన్నకోడలు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, మెల్లగా, చాలాకాలంగా లోపల పెట్టుకున్నదంతా చెప్పుకొచ్చింది. తను ఎక్కడికి వెళ్లినా ఫలానా ఆవిడ తోడికోడలట అంటారట. బాగా చేస్తే, మరి నేర్పింది ఎవరనుకున్నావ్ అంటారట. తప్పు చేస్తే, ఆవిడైతే ఇలా చేసేది కాదు అంటారట. కోచ్‌లు అక్కని చూసి భయపడటం, తనని చూసి నవ్వడం, ఆ భయం తనకి ఎన్నడూ రాదని తెలియడం, అన్నీ చెప్పింది. తను జనాన్ని నవ్వించేది కూడా అందుకేనట, భయపెట్టడం చేతకాక. ఒక్కసారి, పెద్దాయన ముందు, అక్కకి పని చెప్పి చూడాలనిపించిందట.

“చెప్పి చూశాను. ఏమైందో చూశావుగా” అంది.

పెద్దకోడలు ఎవరిని చూసి ఇన్నాళ్లూ లోపల కుమిలిపోయిందో, ఆ మనిషి కూడా పక్కగదిలో తనని చూసి కుమిలిపోతోందన్నమాట. కొంచెం తేలిక అనిపించింది. అదే సమయంలో, ఇంత ఓపెన్‌గా చెప్పెయ్యడం కూడా తనకి చేతకాదే అని ఒక ముల్లు గుచ్చుకుంది. ఆ ముల్లుని తనలోనే ఉంచుకుని, చొక్కా కాలరు సంగతి చెప్పింది. చిన్నకోడలు చేత్తో వెనక తడిమి చూసుకుని, పొద్దున్నే చూశానక్కా, ఇస్త్రీకి టైము లేక ఊరుకున్నాను అంది. ఇద్దరికీ నవ్వు రాలేదు గానీ, పైకి లేవడానికి మాత్రం ఒకరికొకరు చెయ్యిచ్చుకున్నారు.

తర్వాతి వారం పెద్దకోడలు క్లినిక్ నుంచి నేరుగా బస్సు డిపో వెనకున్న మైదానానికి వెళ్లింది. ప్రాక్టీస్ మ్యాచ్‌లకి రెఫరీ కావాలంటే తను వస్తానని, తనని విజిల్ పట్టొద్దన్నది లీగ్ మ్యాచ్‌లకే అని, డ్రైవరు కెప్టెన్‌తో చెప్పింది. డ్రైవరు, వద్దులెండి, మా కండక్టరు ఒకాయన చూసుకుంటున్నాడు అంది. మర్యాదగానే అంది. పెద్దకోడలు గేటు దాకా వచ్చి, అక్కడినుంచి కాసేపు వాళ్ల ఆట చూసింది. కండక్టరుకి నిబంధనలు సగం కూడా తెలియవని రెండు నిమిషాల్లోనే తెలిసిపోయింది. నోరు మూసుకుని బస్సెక్కింది.

మరుసటి ఏడు చిన్నకోడల్ని పైస్థాయి లీగ్‌కి తీసుకున్నారు. ఈసారి ఆ వార్త ఆమె ముందుగా పెద్దకోడలికే చెప్పింది, వంటింట్లోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి. పెద్దకోడలు మంచిదమ్మా అంది. అన్నాక కూరలో గరిటె పెట్టి, “కుళ్లుగా ఉంది నాకు” అంది. తెలుసు అక్కా అంది చిన్నకోడలు, ఆమె చేతిలోని గరిటె తీసుకుని కూర కలుపుతూ.

ఆమె మొదటి మ్యాచ్‌కి ఇంటిల్లిపాదీ వెళ్లారు. పెద్ద హాలు, కళ్లు చెదిరే దీపాలు. పెద్దకోడలు పైవరసలో భర్తకీ అత్తగారికీ మధ్య కూర్చుంది. ముందు వరసలో ఒకావిడ పక్కనున్న స్నేహితురాలితో, ఆ రెఫరీ ఎంత చక్కగా చేస్తోందో చూడు, పుట్టుకతో వచ్చినట్టుంది అంది. పుట్టుకతో రాలేదు, మా పొయ్యి గట్టు దగ్గర వచ్చింది అని ఆవిడ భుజం తట్టి చెప్పాలని పెద్దకోడలి నాలుక చివరిదాకా వచ్చింది. కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. కింద చిన్నకోడలు విజిల్ ఊది, చెయ్యి నిటారుగా పైకెత్తింది. హాలంతా ఒక్కసారి ఆమె వైపే చూసింది. పెద్దకోడలూ చూసింది, మండుతున్న గుండెతోనే, ఆట అయిపోయేదాకా, ఒక్క ఫౌలూ వదలకుండా.